ఎంబీబీఎస్‌లో ఉండగానే మొదటి రీసెర్చ్ గ్రాంట్ తెచ్చుకోవడం ఎలా

రీసెర్చ్ సంగతి పీజీలో చూసుకుందాంలే అనుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ముందు ఐసీఎంఆర్ (ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్) వాళ్ళ ఎస్‌టీఎస్ చూడండి. షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అంటారు, 1979 నుంచీ ఉంది, ఎంబీబీఎస్, బీడీఎస్ వాళ్ళ కోసమే, 2 నెలల ప్రాజెక్ట్. ఇంటర్న్‌షిప్‌లోకి వెళ్ళాక ఇవ్వరు, అందుకే సెకండియర్‌లోనే మొదలెట్టండి.

అన్నిటికన్నా ముందు గైడ్‌ని, అంటే ప్రాజెక్ట్ దగ్గరుండి చేయించే మీ కాలేజీ ఫ్యాకల్టీని, పట్టుకోవాలి. ఒక గైడ్ ఏడాదికి ఒక్క స్టూడెంట్‌నే తీసుకోవాలి కదా, నోటిఫికేషన్ వచ్చాక పరిగెడితే బాగా చూసే మేడమ్‌లూ సార్లూ అప్పటికే వేరేవాళ్ళకి మాటిచ్చేసి ఉంటారు, నాకు అలాగే అయ్యింది, ఒక ఏడాది పోయింది.

టాపిక్ చిన్నగా పెట్టుకోండి. "షుగర్ పేషెంట్ల జీవన విధానం" అంటే 2 నెలల్లో తేలదు. "మా ఓపీకొచ్చే షుగర్ పేషెంట్లలో ఎంతమంది ఇన్సులిన్ సూది చోటు మార్చి మార్చి వేసుకుంటున్నారు" అంటే తేలుతుంది. ఓపీలో నాలుగు రోజులు కూర్చుని రోజుకి ఎంతమంది వస్తున్నారో లెక్కేసుకున్నాకే శాంపిల్ సైజ్ (ఎంతమంది పేషెంట్లని చూస్తారో) రాయండి.

పేషెంట్ల మీద చేసే స్టడీకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గరే చాలామంది ఆగిపోతారు. మీటింగ్ ఎప్పుడుందో ముందే కనుక్కోండి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, అదీ మనుషులు మాట్లాడే తెలుగులో. మెషీన్ ట్రాన్స్‌లేషన్ తీసుకెళ్ళి పెట్టకండి, చదువురాని ఒక పెద్దావిడకి చదివి వినిపించి, "ఏం అర్థమైందమ్మా" అని అడగండి, ఆవిడ తిరిగి చెప్పలేకపోతే మళ్ళీ రాయండి. వాళ్ళ రక్తం, వాళ్ళ టైమ్ తీసుకుంటున్నాం, ఆపాటి గౌరవం ఇవ్వాలి.

స్టైపెండ్ డబ్బులు మీ ప్రాజెక్ట్ రిపోర్ట్ ఓకే అయ్యాకే వస్తాయి, కాబట్టి ఖరీదైన కిట్లు కావాల్సిన టాపిక్ వద్దు, డిపార్ట్‌మెంట్‌లో ఉన్న సామానుతో అయ్యేదే తీసుకోండి.

తర్వాతి మెట్టు ఎండీ, పీహెచ్‌డీ అయ్యాక. ఫెలోషిప్‌లకి ఇండియా అలయన్స్ అని రీసెర్చ్‌కి డబ్బిచ్చే సంస్థ ఉంది, వాళ్ళ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే, డాక్టర్లకి విడిగా క్లినికల్, పబ్లిక్ హెల్త్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. పరికరం ఏదైనా తయారుచేసే ఆలోచన ఉంటే బైరాక్ (కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ) వాళ్ళ బిగ్ (బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్) ఉంది, 50 లక్షల దాకా ఇస్తారు. ఏది వేసినా ఎలిజిబిలిటీ పేజీ మొత్తం చదవండి, ఆ గ్రాంట్ ఇంతకుముందు వచ్చినవాళ్ళకి ఒక మెయిల్ పెట్టి వాళ్ళ ప్రపోజల్ చూపించమని అడగండి, అడిగితే ఇచ్చేవాళ్ళు ఉన్నారు, నాకూ ఇచ్చారు.