పెద్దవాళ్లని, వికలాంగుల్ని అర్జెంటుగా కాపాడాల్సొస్తే మానసిక అసెస్‌మెంట్ ఎలా చేయించాలి

ఇంట్లో పెద్దాయన్నో, వికలాంగురాలినో కొడుతున్నారనో, తిండీ మందులూ లేకుండా వదిలేశారనో తెలిసినప్పుడు, సాయానికి వెళ్తే "నాకేం వద్దు, వెళ్లిపోండి" అంటారు చాలామంది. అప్పుడే సైకాలజిస్టు గానీ సైకియాట్రిస్టు గానీ కావాలి. ప్రాణం మీదకొస్తే మాత్రం దీనికోసం ఆగకండి, ముందు అంబులెన్సుకో పోలీసులకో ఫోన్ చెయ్యండి.

ఇక్కడ తేల్చాల్సింది మతిమరుపు ఉందా లేదా అని కాదండీ, ఉన్న ప్రమాదం ఆ మనిషికి అర్థమై నిర్ణయం తీసుకోగలరా అని. చెప్పింది అర్థమవుతోందా, అది తన గురించేనని తెలుస్తోందా, వెళ్తే ఏంటి ఉంటే ఏంటి అని ఆలోచించుకోగలరా, ఏదో ఒకటి తేల్చి చెప్పగలరా, ఈ నాలుగూ చూస్తారు. చెప్పడమంటే నోటితోనే అక్కర్లేదు, సైగైనా బొమ్మల బోర్డైనా చాలు. డబ్బు లెక్కలు చూసుకోలేనివాళ్లు కూడా ఎవరి దగ్గర ఉండాలో స్పష్టంగా చెప్పగలరు, అందుకే ఏ నిర్ణయం గురించి అసెస్‌మెంట్ కావాలో ముందే రాసివ్వండి.

నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. మొన్నటిదాకా బానే ఉన్న మనిషి ఒక్కసారిగా తికమకగా మాట్లాడుతుంటే అది డిమెన్షియా (మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బు) అని రాసెయ్యకూడదు, డెలీరియం (ఒంట్లో ఏదో తేడా వల్ల హఠాత్తుగా వచ్చే గందరగోళం) అయ్యుండొచ్చు. యూరిన్ ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, సోడియం పడిపోవడం, నిద్రమాత్రలు, ఇలా దేనివల్లైనా వస్తుంది, కొందరు అరుస్తారు, కొందరు గమ్మున మంచానికి అతుక్కుపోతారు, ఈ రెండో రకాన్నే ఎక్కువగా ఎవరూ పట్టించుకోరు. ముందు డాక్టరుకి చూపించండి, అప్పటిదాకా తాత్కాలికంగా సేఫ్‌గా ఉంచండి, తగ్గాక మళ్లీ అసెస్ చేయించండి. ఆ ఒక్కరోజు పరిస్థితి చూసి జీవితాంతం నిర్ణయాధికారం లాగేసుకోవడం ఘోరం.

కళ్లజోడు, వినికిడి మిషన్, వాడే మందులన్నీ దగ్గర పెట్టండి. సాయంత్రమైతే కొందరికి గందరగోళం పెరుగుతుంది, వీలైతే అసెస్‌మెంట్ పొద్దున్నే పెట్టించండి. మాట్లాడేటప్పుడు ఇంట్లోవాళ్లెవరూ ఆ గదిలో ఉండకూడదు, భాష కోసమైనా సరే, బయటి మనిషినే పిలవాలి. కొట్టేవాడు పక్కనే కూర్చుంటే ఎవరు నిజం చెప్తారు? భయపడి "అంతా బానే ఉంది" అన్నంత మాత్రాన మతి లేనట్టూ కాదు, నిజంగా బాగున్నట్టూ కాదు.

జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూడ్డానికి ఎంఎంఎస్ఈ, మోకా అని 30 మార్కుల టెస్టులు పెడతారు. చదువుకోనివాళ్లకి, చూపు లేనివాళ్లకి, చెయ్యి పడిపోయినవాళ్లకి మార్కులు తగ్గుతాయి, వాటిమీదే తేల్చకూడదు. దీనికి రివర్సు కూడా ఉంది, మాటలు చక్కగా చెప్పి పని చెయ్యలేకపోయేవాళ్లుంటారు, కాబట్టి మందుల డబ్బా చేతికిచ్చి పొద్దుటి మాత్రలు తీసి చూపించమనాలి, సాయానికి ఫోన్ ఎలా చేస్తారో చేయించి చూడాలి.

రిపోర్టులో వాళ్లన్న మాటలు ఉన్నదున్నట్టు ఉండాలి, మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ ఉండాలి. ఇంట్లోనే సాయం పెడితే సరిపోయేదానికి వృద్ధాశ్రమం లాంటి హోమ్‌కి తరలించమని రాయకూడదు. అన్నీ అర్థమయ్యే "వద్దు" అంటే ఒప్పుకోవాల్సిందే, కష్టంగా ఉన్నా సరే, కాకపోతే ఫోన్ నంబరు ఇచ్చి, మళ్లీ వస్తామని చెప్పి, నిజంగానే వెళ్లండి.