రిఫరెన్స్ డాక్యుమెంటేషన్‌ను ఒక దారికి తేవడం ఎలా?

సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫంక్షన్ ఏం చేస్తుందో వెతికి చూసుకునే పేజీలే రిఫరెన్స్ డాక్యుమెంటేషన్. గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే టూల్) కొత్త బ్రాంచ్, అంటే మార్పుల కోసం విడి శాఖ, తీసి, ఉన్న పేజీలన్నిటి పేర్లూ లింకులూ ఒక షీట్‌లో రాసుకోండి. సరంజామా అంతే.

ప్రతి పేరాకూ గుర్తు వేయండి: పాఠమా, పని చేసే పద్ధతా, వివరణా, రిఫరెన్సా? మొదటి మూడూ వేరే విభాగాలకు పంపేయండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు వెతుక్కోవడం సరదాయే. అర్ధరాత్రి మాదాపూర్ ఆఫీసులో కూర్చుని, టైమౌట్ సెకన్లలోనా మిల్లీసెకన్లలోనా అని వెతికేవాళ్లకు ఆ సరదా ఉండదు.

మిగిలినదాన్ని కోడ్ వరుసలోనే పేర్చండి. ప్రతి ఫంక్షన్‌కూ ఒకటే క్రమం: ఒక్క వాక్యంలో దాని పని, పారామీటర్ల (ఫంక్షన్‌కు ఇచ్చే విలువల) పట్టిక, తిరిగొచ్చే విలువ, ఎర్రర్లు, 10 లైన్లు దాటని ఉదాహరణ. పట్టికలో టైపు, డిఫాల్ట్, యూనిట్ ఉండి తీరాలి. పక్క మెనూ మూడు మెట్లు దాటకూడదు. కోడ్‌లోని కామెంట్ల నుంచి డాక్యుమెంటేషన్ తయారుచేసే డాక్సిజన్ టూల్‌తో పేజీలు పుట్టించి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. నల్ (ఖాళీ విలువ) పంపితే ఏమవుతుందో కామెంట్‌లో ఎవరూ రాయనప్పుడు టూల్ మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది? 'యూజర్ ఐడీ: యూజర్ యొక్క ఐడీ' లాంటి ఆణిముత్యాలు ఇలాగే పుడతాయి.

ఇక అందరూ బోల్తాపడేది లింకుల దగ్గర. అమీర్‌పేటలో షాపు మారితే పాత షట్టర్ మీద కొత్త అడ్రసు అంటిస్తారు; పేజీ మారితే ఆ పని 301 రీడైరెక్ట్ (పాత లింకుకు వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే సర్వర్ జవాబు) చేస్తుంది. కానీ లింకులో హ్యాష్ గుర్తు (#) తర్వాతి భాగాన్ని, అంటే పేజీలో ఏ శీర్షిక దగ్గరికి వెళ్లాలో చెప్పే ఐడీని, బ్రౌజర్ సర్వర్‌కు పంపదు. ఒక పెద్ద పేజీని ఆరుగా చీల్చి 301 పెడితే, ఏ శీర్షిక కోసం వచ్చినవాళ్లైనా ఒకే చోట తేలతారు. కాబట్టి చీల్చిన పేజీకి 301 వద్దు. పాత పేజీని ఉంచి, పాత ఐడీ ఒక్కొక్కదాని కింద కొత్త చోటికి ఒక లింకు పెట్టండి.

ఇంకో గొయ్యి ఉంది. చాలా టూల్స్ శీర్షికలోని మాటల నుంచే ఐడీ తయారుచేస్తాయి. శీర్షికలో ఒక్క మాట మార్చినా పాత ఐడీ పోతుంది. అయినా పేజీ తెరుచుకుంటుంది, పైభాగంలో ఆగుతుంది, 404 (పేజీ లేదనే ఎర్రర్) రాదు. అందుకే శీర్షికల మీద చెయ్యి వేయకముందే ప్రతిదానికీ ఐడీని చేత్తో రాసి పెట్టండి. పాత వెర్షన్ల ఎర్రర్ మెసేజీల్లోనూ ఈ లింకులే ఉంటాయి. కస్టమర్ల మెషీన్లలోకి వెళ్లిపోయినవాటిని ఇక మార్చలేం.

కమాండ్ లైన్ నుంచి పేజీలు తెప్పించే కర్ల్ టూల్‌తో 301 పనిచేస్తోందో లేదో మాత్రమే తెలుస్తుంది. హ్యాష్ ఉన్న లింకులను షీట్ ముందు పెట్టుకుని బ్రౌజర్‌లో ఒక్కొక్కటే నొక్కి చూడాల్సిందే.