గుంటడిని ఇంటిపట్టున ఉంచడం: బయట తిరిగిన పిల్లికి ఇల్లు అలవాటు చేసే పద్ధతి

మా గుంటడు విజయనగరంలో పెద్దచెరువు వైపు పెంకుటింట్లో ఉన్నన్నాళ్ళూ పేరుకే మా పిల్లి. పొద్దున్న మా వంటింట్లో, మధ్యాహ్నం ఎదురింటి వాళ్ళ చేపముళ్ళ దగ్గర, రాత్రి ఎవరి గోడ మీదో. ఆ ఇల్లు ఖాళీ చేసి మూడు లాంతర్ల దగ్గర్లో అపార్ట్‌మెంటు రెండో అంతస్తుకి మారాక వాడిని బయటికి వదిలే వీలు లేకపోయింది. కింద రోడ్డు, ఆటోలు, కుక్కల మంద. ఇప్పుడు వాడికి ఇల్లే ఊరు. బ్లౌజులు కుట్టించుకోడానికొచ్చేవాళ్ళు ‘ఎలాగ అలవాటు చేశావు’ అని అడుగుతూనే ఉంటారు కాబట్టి వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

పిల్లి బయట ఊరికే తిరగదు. దానికక్కడ బోలెడు పనులు. హద్దులు చూసుకోవాలి, ఎలకని కాపుకాయాలి, గోళ్ళు గీరుకోవాలి, ఎత్తెక్కి వీధంతా చూడాలి, మట్టి తవ్వి కప్పెట్టాలి. ఇవన్నీ మాన్పించి తలుపేస్తే కాలుగాలిన పిల్లి ఎలా ఉంటుందో మీ హాల్లోనే చూస్తారు. అందుకని ఒక్కో పనికీ ఇంట్లో ఒక చోటు ముందే సిద్ధం చెయ్యండి.

అంతకన్నా ముందు పశువుల డాక్టరు. మగపిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించకుండా ఇంట్లో కట్టడి చెయ్యడం నా లెక్కలో వృథా ప్రయాస. తోకెత్తి గోడలకీ కర్టెన్లకీ మూత్రం చిమ్ముతుంది, ఆ వాసన ఓ పట్టాన పోదు. ఐదారు నెలల వయసు నుంచి చేయించొచ్చు. చేయించిన మర్నాడే మారిపోతుందనుకోకండి, ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలన్నర దాకా పడుతుంది. ఆడపిల్లి ఎదకొస్తే రాత్రంతా అరుస్తుంది, ఆ సందులో తప్పించుకుందంటే రెండు నెలల్లో మీ ఇంట్లో పురుడు. అదే పోకలో రేబిస్ టీకా కూడా వేయించండి. పిల్లకి మూడు నెలలు నిండాక మొదటిది, తర్వాత ఏడాదికోసారి. జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బులు) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో పాశ్చర్ రేబిస్ టీకాని మొదటిసారి ఒక కుర్రాడికి వేసింది ఆ రోజే. నులిపురుగుల మందు, గోమార్లకి మందు కూడా డాక్టరునే అడగండి. కుక్కలకని అమ్మే గోమార్ల మందుల్లో పెర్మెత్రిన్ అనేది ఉంటుంది, అది పిల్లికి విషం. షాపువాడు ‘దేనికైనా ఒకటేనండి’ అన్నా తీసుకోకండి.

మొదలుపెట్టడానికి వానాకాలం మంచిది. ఆషాఢం, శ్రావణాల్లో వాన పడుతుంటే పిల్లి తనంతట తనే లోపలికి వస్తుంది, మనం తలుపు వెయ్యడమే తరువాయి. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ వెనకే దీపావళి. ఆ జనం, డప్పులు, టపాకాయల మధ్య కొత్త పిల్లికి ఏదీ అలవాటు కాదు. మంచం కిందకి దూరి కూర్చుంటుంది.

మొదట ఇల్లంతా ఇవ్వకండి. ఒక్క గది చాలు. తిండి ఒక మూల, నీళ్ళు కాస్త ఎడంగా, దొడ్డికెళ్ళడానికి మట్టి పోసిన బేసిన్ ఎదురు మూల, దూరడానికి బోర్లించిన అట్టపెట్టె, దాంట్లో మీ పాత నేతచీర ముక్క. అది ఉతకొద్దు, మీ వాసనే దానికి ధైర్యం. మీరు ఆ గదిలో కూర్చుని మీ పని మీరు చేసుకోండి. బతిమాలొద్దు, ఎత్తుకోవద్దు. గదిలో పెట్టి కొడితే పిల్లయినా తిరగబడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు, కొట్టకపోయినా మూలకి తరిమితే అదే జరుగుతుంది. అది వచ్చి మీ కాలికి మొహం రాసి, మీ ఎదుటే తిని, ఒళ్ళు నాక్కుంటుంటే గది తనదైందని అర్థం. అప్పుడు ఇంకో గది తలుపు తియ్యండి. కొన్నిటికి వారం చాలు, కొన్నిటికి నెల కావాలి.

బేసిన్ దగ్గరే చాలామంది విసిగిపోతారు. పిల్లి బేసిన్‌లో పొయ్యడానికని బజార్లో అమ్మే ఖరీదైన లిట్టర్ తెచ్చి పోస్తారు, పిల్లి వాసన చూసి వెళ్ళి మంచం మీద కానిస్తుంది. బయట ఏ మట్టిలో వెళ్ళేదో ఆ మట్టే తెచ్చి వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్‌లో మూడు నాలుగు వేళ్ళ మందాన పోయండి. అలవాటయ్యాక రోజుకింత ఇసక కలుపుతూ పూర్తిగా ఇసకలోకో లిట్టర్‌లోకో మార్చుకోవచ్చు. ఒక పిల్లికి రెండు బేసిన్లు, రెండు పిల్లులకి మూడు. ఉండలు రోజూ తీసెయ్యాలి. శుభ్రత కోసమే కాదు, పిల్లి మలంలో ఉండగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, ఆలోపే తీసేస్తే భయం తగ్గుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని వేరేవాళ్ళు చెయ్యాలి. బేసిన్ సబ్బునీళ్ళతో కడగండి. నీళ్ళలో పోస్తే తెల్లగా మారే ఫినాయిలు, క్రిమినాశకాలు వాడొద్దు, అవి కాళ్ళకంటుకుని, నాక్కున్నప్పుడు కడుపులోకి పోతాయి. కలరా ఉండలు కూడా బీరువా లోపలే ఉండాలి, సింకుల్లో వెయ్యకండి.

గోళ్ళ పనికి మన జిల్లావాళ్ళకి బజారు వస్తువు అక్కర్లేదు. గోగు పండే చోట, నెల్లిమర్లలో జూట్‌మిల్లున్న చోట గోనెసంచికి కరువా! నడుమెత్తు చెక్క దిమ్మ ఒకటి తీసుకుని గోగునార తాడుని వరస తప్పకుండా బిగించి చుట్టండి. పిల్లి వెనక్కాళ్ళ మీద నిలబడి ఒళ్ళు విరుచుకుంటే ఎంత పొడుగుంటుందో అంతకన్నా దిమ్మ ఎత్తుండాలి, లాగితే ఊగకూడదు. నేనైతే మిషను బల్ల కాలికే కట్టేశాను. దాన్ని మూలన దాచకండి. అది నిద్రలేచే చోటో, ఇదివరకే గీరిన సోఫా పక్కనో పెట్టాలి. గోళ్ళ కొనలు కత్తిరించొచ్చు, గోరే పీకించడం మాత్రం వేలి చివరి ఎముక కోసేయడమే, ఆ మాటెత్తకండి.

ఎత్తు కోసం సజ్జ మీది పాత బిందెలు జరిపి ఒక గోనె పరిచాను. బీరువా మీదికి, అక్కణ్ణించి సజ్జ మీదికి మెట్లలాగా ఒక స్టూలు, ఒక పెట్టె. ఒక కిటికీ గట్టు వాడిదే. ఆ కిటికీకి దోమల నైలాన్ జాలీ సరిపోదు, గోరు తగిలితే చినుగుతుంది. అంగుళానికి మించని కన్నాలున్న ఇనప వెల్డ్‌మెష్ వేయించాను. బాల్కనీకి కూడా కింది నుంచి పై దాకా వేయించాలి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ళ మీద నిలుస్తుందని నమ్మి వదిలేస్తారు గాని, మేడల మీద నుంచి పడి దవడలు, కాళ్ళు విరిగే పిల్లులు చాలా ఉంటాయి. మెష్ బిగిస్తుంటే పక్క ఫ్లాట్ అమ్మాయి నవ్వింది, ‘ఏటి పిన్నీ, పిల్లికి కూడా జాలీలేటి?’ అని. ఇప్పుడు వాళ్ళ పిల్లాడు అక్కడే కూర్చుని గుంటడితో పావురాల్ని చూస్తుంటాడు.

వేట సంగతికొద్దాం, అన్నిటికన్నా దీనికే ఎక్కువ ఓపిక కావాలి. పిల్లి తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ చురుగ్గా ఉంటుంది. ఆ వేళకి మీరు ఆడించకపోతే మీ కాలివేళ్ళే ఎలకలవుతాయి. కొబ్బరీనె చివర గుడ్డపీలిక కట్టి నేల మీద పాకిస్తూ, తలుపు చాటుకి లాగుతూ, ఆపుతూ ఆడించండి. మొహం మీద ఊపకండి, ఏ ఎలకా పిల్లి నోట్లోకి ఎదురొచ్చి పడదు. పది నిమిషాలు, పొద్దునా రాత్రీ. చివర్లో దొరకనివ్వండి, వెంటనే తిండి పెట్టండి. వేటాడి, తిని, ఒళ్ళు నాక్కుని పడుకోవడం దాని వరస. రాత్రి పదింటికి ఇలా చేస్తే నాలుగింటికి లేపడం తగ్గుతుంది. ఆట అయ్యాక కర్రా పీలికా అల్మారాలో పెట్టెయ్యాలి. కుట్టుపని చేసేదాన్ని కాబట్టి గట్టిగా చెప్తున్నాను: దారం, సూది, ఎలాస్టిక్ ముక్క పిల్లి మింగితే పేగులు ముడతపడి తెగుతాయి. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడితే లాగకండి, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

బద్ధకంగా పడుంటే గోడవారన మొలిచే కుప్పింటాకు మొక్కని వేరుతో పీకి, మట్టి కడిగి ముందు పడెయ్యండి. ఆ వేరు వాసనకి చాలా పిల్లులు పొర్లాడతాయి. కాసేపు పొర్లాక తీసెయ్యాలి, తిననివ్వొద్దు.

తిండికి పెరుగన్నం, పప్పన్నంతో పిల్లి బతకదు. బయట ఎలకలూ తొండలూ తిని లోటు పూడ్చుకునేది, ఇంట్లో ఆ దారి లేదు. దాని గుండెకీ కంటికీ కావలసిన టారిన్ అనే పోషకం మాంసంలోనే ఉంటుంది. కవ్వ చేపలో, నెత్తళ్ళో ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, ఉడికిన నీళ్ళతో సహా పెట్టండి, టారిన్ కొంత ఆ నీళ్ళలోకి దిగుతుంది. పచ్చి నెత్తళ్ళు వద్దు, వాటిలోని ఒక ఎంజైము బి1 విటమిన్‌ని పాడుచేస్తుంది. రోజూ చేపే కాకుండా కోడిమాంసం, పిల్లుల కోసమని అమ్మే తయారీ మేత కూడా మార్చి మార్చి పెట్టాలి. ఎండుచేపల్లో ఉప్పెక్కువ. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు పనికిరాదు. పాలు చాలా పెద్ద పిల్లులకి అరగవు, విరేచనాలే. జ్వరమనుకుని పారాసెటమాల్ వేస్తే ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు.

ఇంటిపట్టున ఉండే మగపిల్లి విషయంలో ఒక లక్షణం గుర్తుంచుకోండి. బేసిన్‌లో మాటిమాటికీ కూర్చుని ముక్కుతోంది, చుక్క రావట్లేదు, అరుస్తోంది అంటే మలబద్ధకం అనుకోకండి. మూత్రం బిగుసుకుపోయింది. రేపు చూద్దామంటే కుదరదు, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు. అందుకే నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టి, తిండిలో తడి ఎక్కువుండేలా చూస్తాను. ఎండాకాలం మరీను.

ఇక తలుపు దగ్గర ఏడుపు. ఏడుస్తుంది, గట్టిగానే ఏడుస్తుంది. ఎంతసేపు అరిచినా తియ్యకండి. గంట అరిచాక తీశారంటే, గంట అరిస్తే తీస్తారని దానికి పాఠం చెప్పినట్టే. తిట్టకండి, నీళ్ళు చల్లకండి. అరుపు ఆగిన క్షణంలో లోపలి గదిలోంచి గిన్నె చప్పుడు చేసి పిలవండి. ఇంట్లో ఉన్న అందరూ దీనికి ఒప్పుకోవాలి. మా ఆయన ‘పాపం పోనీవే’ అనే రకం, అందుకని తాళంచెవులు నా దగ్గరే ఉండేవి.

ఎప్పుడైనా జారుకుంటే వెంటపడి పరిగెత్తకండి, ఇంకా దూరం పోతుంది. ఇంటికి కొత్తయిన పిల్లి సాధారణంగా దగ్గర్లోనే బండి కిందో, మెట్ల చాటునో, కాలవ గట్టునో నక్కి ఉంటుంది. అది పడుకునే గుడ్డ గుమ్మంలో పెట్టి, జనం సద్దుమణిగాక టార్చి వేసి కింద చూడండి, కళ్ళు మెరుస్తాయి. నేల మీద కూర్చుని, రోజూ తిండికి పిలిచే గొంతుతోనే పిలుస్తూ, నెత్తళ్ళ గిన్నె ముందు పెట్టుకోండి. చేతికొచ్చాక గంపలోనో మూతున్న బుట్టలోనో పెట్టి పైకి తేవాలి. చేతులతో ఎత్తుకుంటే మెట్ల మీద మళ్ళీ దూకుతుంది.