యాడ్ ఏసీ రిపేర్‌కి, ఫోన్లు ఏసీ రూమ్‌కి: కీవర్డ్స్‌లో తప్పెక్కడ?

తిరుపతి కొర్లగుంటలో మా బావకు ఏసీ, ఫ్రిజ్ సర్వీస్ షాపు ఉంది. ఎండాకాలం మొదలవగానే గూగుల్‌లో యాడ్ పెట్టుకున్నాడు. మొదటి రోజే ఫోన్ మోగింది. "సార్, రేపటికి ఏసీ రూమ్ దొరుకుతుందా? నలుగురం వస్తున్నాం, అలిపిరికి దగ్గరేనా?" ఇలాంటివి నాలుగైదు వచ్చాక బావ ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇదేందో నువ్వే చూడు" అన్నాడు. చూశాక తెలిసిందే ఇక్కడ రాస్తున్నా. ప్లంబింగ్ కానీ, వాటర్ ఫిల్టర్ కానీ, గీజర్ రిపేర్ కానీ, తిరుపతిలో యాడ్ పెట్టేవాళ్లకు దాదాపు ఇవే తిప్పలు.

సమస్య: ఫోన్లు వస్తున్నాయి, కానీ మన పని కోసం కాదు

కీవర్డ్ అంటే, జనం ఏ మాటలు వెతికితే మన యాడ్ రావాలో మనం గూగుల్‌కి చెప్పేది. బావ పెట్టిన కీవర్డ్ "ఏసీ సర్వీస్ తిరుపతి". షాపు బోర్డు మీద ఉన్నదే తీసి పెట్టేశాడు. వెతికే మాటలు కీవర్డ్‌కి ఎంత దగ్గరగా ఉండాలో చెప్పేది మ్యాచ్ టైప్. అది ఏదీ చెప్పకపోతే గూగుల్ దాన్ని బ్రాడ్ మ్యాచ్ కింద తీసుకుంటుంది. అంటే ఆ మాటలకే కాదు, వాటికి సంబంధం ఉందని తనకు తోచిన వాటికీ యాడ్ చూపిస్తుంది. బెంగళూరు నుంచి తిరుపతికి ఏసీ బస్ సర్వీస్ వెతికే మనిషి టైప్ చేసే దాంట్లో కూడా ఏసీ, సర్వీస్, తిరుపతి మూడూ ఉన్నాయి కదా!

దీన్ని ఊహించి పట్టుకోలేం. క్యాంపెయిన్‌లో సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరవాలి. మనం పెట్టిన కీవర్డ్ కాకుండా, జనం నిజంగా ఏం టైప్ చేస్తే మన యాడ్ వచ్చిందో అందులో ఉంటుంది. బావ రిపోర్ట్‌లో సగానికి పైగా రూములు, బస్సులు, దర్శనం టికెట్లే.

నాకు అర్థమైంది ఏమిటంటే, ఇక్కడ తేడా చేస్తున్నది ఊరి పేరే. కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఏసీ చెడిపోయినవాళ్లు "తిరుపతి" అని టైప్ చేయరు. "ఏసీ రిపేర్ నియర్ మి" అంటారు, లేదంటే "ఏసీ కూలింగ్ రావట్లేదు" అంటారు. ఊరి పేరు టైప్ చేసేది ఎక్కువగా బయటినుంచి వచ్చేవాళ్లు. అందుకే కీవర్డ్స్‌లోంచి తిరుపతి తీసేశాం. "ఏసీ రిపేర్", "ఏసీ గ్యాస్ ఫిల్లింగ్", "ఏసీ వాటర్ లీకేజ్", "ఏసీ మెకానిక్" పెట్టి, అన్నిటినీ కొటేషన్ గుర్తుల మధ్య ఫ్రేజ్ మ్యాచ్‌లోకి మార్చాం, అంటే ఆ మాటల అర్థం ఉన్న వెతుకులాటలకే యాడ్ వస్తుంది. మనవాళ్లు తెలుగు మాటల్ని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేస్తారు కాబట్టి అలాంటివీ కొన్ని చేర్చాం.

మరి ఊరి సంగతి ఎవరు చూస్తారు? లొకేషన్ సెట్టింగ్ చూస్తుంది. అసలు గుట్టు అక్కడే ఉంది. గూగుల్ మామూలుగా ఇచ్చే ఆప్షన్‌లో ఆ ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా యాడ్ వెళ్తుంది. వేరే ఊరికైతే పెద్ద నష్టం ఉండదేమో. తిరుపతి మీద ఆసక్తి లేనివాళ్లు దేశంలో ఎందరుంటారు? లొకేషన్ ఆప్షన్స్‌లో, అక్కడ ఉన్నవాళ్లకు మాత్రమే అన్నది ఎంచుకోండి. ట్రావెల్స్ నడిపేవాళ్లు మాత్రం దీన్ని ముట్టుకోవద్దు, వాళ్ల గిరాకీ చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని వెతుకుతూ ఉంటుంది.

జిల్లా మొత్తాన్ని ఎంచుకోవడం కూడా మానుకోండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినా, "మనది చిత్తూరు జిల్లా" అన్న అలవాటు పోలేదు. బావ అదే పెట్టాడు. చిత్తూరు ఇక్కడికి 70 కిలోమీటర్లు. ఫిల్టర్ కడగడానికి అంత దూరం పోతే పెట్రోల్ డబ్బులు కూడా రావు. షాపు చుట్టూ 15 కిలోమీటర్ల వృత్తం గీసుకుంటే చంద్రగిరి, రేణిగుంట రెండూ వస్తాయి.

ఇంత చేసినా రూములు అడుగుతున్నారా?

అడుగుతారు. అప్పటికే కొండకు వచ్చినవాళ్లు మన వృత్తంలోనే నిలబడి వెతుకుతుంటారు. వాళ్లను ఆపేది నెగెటివ్ కీవర్డ్స్ ఒక్కటే, అంటే ఈ మాట ఉంటే యాడ్ చూపించొద్దు అని గూగుల్‌కి చెప్పేవి. దర్శనం, టికెట్, బస్, ట్రైన్, లాడ్జెస్, రూమ్స్... ఇవన్నీ పెట్టండి. కొత్తవి, సెకండ్ హ్యాండ్‌వి కొనేవాళ్లు, ఉద్యోగం వెతికేవాళ్లు కూడా వస్తారు కాబట్టి ప్రైస్, జాబ్స్, కోర్సు కూడా చేర్చండి.

నెగెటివ్ కీవర్డ్ మామూలు కీవర్డ్ లాగా అర్థం చూసుకుని పనిచేయదు. "రూమ్స్" పెడితే "రూమ్" ఆగదు, "లాడ్జ్" పెడితే "హోటల్" ఆగదు. తెలుగు లిపిలో పెట్టింది ఇంగ్లీషు అక్షరాలకు వర్తించదు. ఒక్కోటీ విడిగా రాసుకోవాల్సిందే.

అట్లని చేతికొచ్చిందల్లా పెట్టేయకండి. నేను ఉత్సాహంగా "హోటల్" అని ఒంటి మాట పెట్టేశాను. బావ తల కొట్టుకున్నాడు. ఈ ఊళ్లో ఏసీ సర్వీస్‌కి అసలైన గిరాకీయే హోటళ్లు, లాడ్జీలు! ఒక్క బిల్డింగ్ దొరికితే నలభై ఏసీలు. "హోటల్ ఏసీ మెయింటెనెన్స్" అని వెతికే మేనేజర్‌ని నేనే తరిమేస్తున్నానన్నమాట. దాన్ని తీసేసి, కొటేషన్ గుర్తుల మధ్య "ఏసీ హోటల్" అని పెట్టాం. ఆ వరసలో మాటలు ఉన్న వెతుకులాట మాత్రమే ఆగుతుంది, "హోటల్ ఏసీ" మాత్రం వస్తుంది. లాడ్జీల మాటలు కూడా ఇలాగే సరిచేశాం.

సమస్య: యాడ్ అసలు కనిపించడం లేదు

కీవర్డ్ మరీ సన్నగా ఉండొచ్చు. "కొర్లగుంట స్ప్లిట్ ఏసీ గ్యాస్ ఫిల్లింగ్" అని వెతికేవాళ్లు నెలకు ఒకరు కూడా ఉండకపోతే గూగుల్ దానికి తక్కువ సెర్చ్ వాల్యూమ్ అని గుర్తు పెట్టి పక్కన పడేస్తుంది. వీధి పేర్లు తీసేయండి. యాడ్ వస్తోందా లేదా అని మీ ఫోన్‌లో మీరే పదేపదే వెతకొద్దు. దానికి యాడ్ ప్రివ్యూ అనే టూల్ అకౌంట్‌లోనే ఉంది.

సమస్య: డబ్బులు లెక్క తేలడం లేదు

రోజు బడ్జెట్ 300 రూపాయలు పెడితే ఒక్కోరోజు 600 దాకా ఖర్చవుతుంది. మోసం కాదు, నెల మొత్తం మీద సర్దుతుంది. ముందే డబ్బు వేసుకునే పద్ధతిలో 18 శాతం జీఎస్‌టీ అందులోంచే పోతుంది. వెయ్యి వేస్తే యాడ్‌కి మిగిలేది సుమారు 847.

సమస్య: అంతా సరిచేశాక నెల తిరిగేసరికి మళ్లీ బస్సు ఫోన్లు

బావకు ఇదీ అయింది. టెన్షన్ పడి చూస్తే మేము పెట్టని బ్రాడ్ మ్యాచ్ కీవర్డ్స్ లోపల కూర్చున్నాయి. రికమెండేషన్స్ పేజీలో ఆటో అప్లై అని ఒకటుంది, గూగుల్ తన సూచనల్ని మనల్ని అడగకుండానే అమలు చేసేస్తుంది. ఎప్పుడో ఏదో నొక్కినప్పుడు అది ఆన్ అయిపోయింది. అందులో కీవర్డ్స్‌కి సంబంధించిన టిక్కులన్నీ తీసేసి, వచ్చి చేరినవాటిని ఆపేశాం. ఎవరు ఎప్పుడు చేర్చారో తెలియకపోతే ఛేంజ్ హిస్టరీలో తేదీతో సహా ఉంటుంది.