ఫ్యామిలీ డాక్టరు ఎవరికి ఎంత అందుబాటులో ఉన్నారో లెక్కగట్టడం

"ఇంతమంది జనానికి ఒక డాక్టరు" అనే సగటు చూసి నిశ్చింతగా ఉండకండి. డాక్టర్లంతా ఒక మూలనే ఉన్నా ఆ అంకె మారదు. 2003లో లువో, వాంగ్ అనే పరిశోధకులు తీర్చిదిద్దిన రెండంచెల లెక్క ఈ తేడాను పట్టుకుంటుంది. చిన్న ప్రాంతమైతే స్ప్రెడ్‌షీట్ చాలు.

ముందు ప్రతి నివాస ప్రాంతపు జనాభా, ప్రతి క్లినిక్‌లోని డాక్టర్ల సంఖ్య రాసుకోండి. ఒకే డాక్టరు వారంలో 2 రోజులు ఒకచోట, 3 రోజులు ఇంకోచోట కూర్చుంటే 0.4, 0.6గా పంచండి. కొత్త పేషెంట్లను చేర్చుకోని క్లినిక్‌ను ఇంకా డాక్టరు దొరకనివారి లెక్కలో కలపకూడదు.

తర్వాత ప్రయాణ సమయం. మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిస్తే వంతెన లేని ఏరు కూడా దాటేస్తారు. రోడ్డు వెంట పట్టే నిమిషాలే తీసుకోండి. ఊరు మధ్య బిందువు ఖాళీ పొలంలో పడొచ్చు, అందుకే జనం ఎక్కువగా ఉన్నచోటి నుంచి కొలవాలి. సొంత బండి లేనివారికి లెక్క వేరుగా వేయాలి: స్టాపు దాకా నడక, బస్సు కోసం ఎదురుచూపు, ప్రయాణం. తిరుగు బస్సు ఉందో లేదో చూడటం చాలామంది మరిచిపోతారు.

మొదటి అంచె: ప్రతి క్లినిక్‌కి 30 నిమిషాల్లో చేరగల జనాన్ని కూడి, డాక్టర్ల సంఖ్యను దానితో భాగించండి. 'క' క్లినిక్‌లో ఇద్దరు డాక్టర్లు, చేరగల జనం 5,000 అయితే వెయ్యిమందికి 0.4 డాక్టరు. 'ఖ'లో ఒక్కరే, జనం 4,000 అయితే 0.25.

రెండో అంచె: ప్రతి ఊరికి 30 నిమిషాల్లో అందే క్లినిక్‌ల అంకెలు కూడండి. రెండూ అందే ఊరికి 0.65, 'ఖ' ఒక్కటే అందే ఊరికి 0.25.

ఇందులో పెద్ద లోపం ఒకటుంది: 2 నిమిషాల దూరమూ 29 నిమిషాల దూరమూ సమానమైపోతాయి, 31వ నిమిషంలో ఉన్నవారికి సున్నా. 2009లో లువో, చీ దీన్ని సవరించారు. 0–10, 10–20, 20–30 నిమిషాల వలయాలకు 1, 0.68, 0.22 చొప్పున బరువులిచ్చి (అంటే ఆ అంకెతో గుణించి) చూడండి. బరువు రెండు అంచెల్లోనూ వేయాలి: మొదట జనాభాకు, తర్వాత క్లినిక్ అంకెకు. రెండో అంచెలోనే వేస్తే దూరపు జనం క్లినిక్ మీద పూర్తి భారం మోపినట్టు లెక్కకొస్తుంది.

సరిహద్దు ఊళ్లకు అంకె మరీ తక్కువొస్తే కంగారు పడకండి. పక్క ప్రాంతపు క్లినిక్‌లు మీ జాబితాలో లేకపోయి ఉండొచ్చు. హద్దుకు అవతల 30 నిమిషాల దూరం వరకూ క్లినిక్‌లను, అక్కడికి వెళ్లే ఊళ్ల జనాభాను కూడా చేర్చి మళ్లీ లెక్కించండి.