చెరువు పూడ్చిన స్థలంలో ఇల్లు కట్టేముందు

సంక్రాంతి వెళ్ళాక భీమవరం, కైకలూరు చుట్టుపక్కల మట్టి ట్రాక్టర్ల హడావుడి మొదలవుతుంది. చేపల చెరువో, బాడవ పొలమో పూడ్చి ప్లాట్లు వేస్తారు, మెరక పూర్తవగానే కొన్నవాళ్ళు శంకుస్థాపనకు ముహూర్తం పెట్టించేస్తారు. ఈసారి మీరూ ఆ పనిలో ఉంటే ఎలివేషన్ సంగతి తర్వాత, ముందు అడుగున ఏముందో చూసుకోండి.

"లారీలు తిరిగాయండీ, నేల రాయిలా ఉంది" అంటారు. పైన ఉంటుంది, నిజమే. కానీ దాని కింద చెరువు అడుగు బంకమట్టి మెత్తగా అలాగే ఉంటుంది, మీరు పోసిన మెరకే దానికి మొదటి పెద్ద బరువు. ఐదడుగుల మెరక చదరపు మీటరుకు రెండున్నర టన్నులకు పైనే తూగుతుంది, ఒక అంతస్తు శ్లాబు ఇల్లు సుమారు అందులో సగం. అంటే ఇటుక పెట్టకముందే కుంగడం మొదలైందన్నమాట. బంకమట్టిలోని నీరు మెల్లగా బయటికి పోతేగానీ అది ఆగదు, దానికి నెలలు, కొన్నిచోట్ల ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఈ వేసవిలో మెరక చేసినవాళ్ళు కనీసం ఒక వానాకాలం ఆగండి. ఊరికే ఆగొద్దు. నాలుగు మూలలా చిన్న కాంక్రీటు దిమ్మెలు పాతి, మెరకకు దూరంగా ఉన్న పాత కల్వర్టు మీద గుర్తు పెట్టుకుని నెలకోసారి లెవెల్ పట్టించి రాసుకోండి. దిగడం దాదాపు ఆగిందని ఆ అంకెలే చెప్పాలి, మేస్త్రి కాదు.

ఇల్లంతా ఒకే తీరుగా కొంచెం దిగితే గోడలకు పెద్దగా ఏమీ కాదు. ఒక మూల దిగి ఇంకో మూల నిలబడిపోతేనే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వస్తాయి. పునాదులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 ప్రకారం బంకమట్టిలో విడి ఫుటింగుల (ఒక్కో పిల్లరుకు వేరుగా వేసే పునాదుల) మీద కట్టే కాంక్రీటు ఫ్రేములు మొత్తం 75 మి.మీ. దాకా దిగినా ఫర్వాలేదు గానీ, 4 మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్ల మధ్య తేడా 6 మి.మీ. దాటకూడదు. సగం ఇల్లు పాత చెరువు గట్టు మీద, సగం చెరువు మధ్యలో పడితే ఈ హద్దు దాటడం ఎంతసేపు? గట్టు ఎక్కడ ఉండేదో ఆ చెరువు కౌలుకు చేసినవాళ్ళను అడిగి తెలుసుకోండి.

సాయిల్ టెస్ట్‌కి జేసీబీతో గొయ్యి తీసి చూస్తే చాలదు. గట్టు వైపు ఒకటి, చెరువు మధ్యలో ఒకటి, కనీసం రెండు బోర్లు గట్టి పొర తగిలేదాకా వేయించండి. రిపోర్టులో ఎన్ విలువ (బోరులో గొట్టాన్ని 30 సెం.మీ. దింపడానికి పట్టిన సుత్తి దెబ్బల లెక్క, తక్కువైతే నేల మెత్తన) 4 లోపు కనిపిస్తే విడి ఫుటింగుల ఆలోచన పక్కనపెట్టి స్ట్రక్చరల్ ఇంజనీరుతో రాఫ్ట్ (ఇల్లంతటి కింద ఒకే పలకలా వేసే పునాది) గురించో పైల్స్ (లోతుకు దింపే కాంక్రీటు స్తంభాలు) గురించో మాట్లాడండి. పక్కింటివాళ్ళకు ఆరడుగుల పునాది సరిపోయిందన్న మాట అస్సలు వినొద్దు, వాళ్ళది గట్టు మీద ఉందేమో. పైల్స్ అయితే మెత్తటి పొర దాటి గట్టి పొరలోకి దిగాలి. మధ్యలో ఆపితే డబ్బు దండగ, పైగా కుంగుతున్న మెరక ఆ పైల్స్‌ని కూడా తనతోపాటు కిందికి లాగుతుంది, ఆ బరువు డిజైన్‌లో లెక్కేశారా అని అడగండి.

పోర్టికో, బయటి మెట్లు, కాంపౌండ్ గోడ చివర్లో తేలిక పునాదితో కట్టి ఇంటి గోడకు అతికించేస్తుంటారు. వాటిని విడిగా, మధ్యలో సందు ఉంచి కట్టించండి. సెప్టిక్ ట్యాంకుకు వెళ్ళే పైపుకు గోడ దాటేచోట వంగే జాయింటు పెట్టించండి, లేకపోతే అక్కడే విరిగి నీరంతా పునాది కిందికి చేరుతుంది.