పిల్లలున్న ఇంటికి కుక్క – 4వ పాఠం: ఒళ్లో కదలకుండా పడుకున్న కూన

పోయిన పాఠం చివర మీకు ఒక పని చెప్పాను. జేబులో డబ్బులు పెట్టుకోకుండా, ఇంట్లో పిల్లలను వెంట తీసుకుపోకుండా, కూనలున్న చోటికి వెళ్లి అరగంట కూర్చుని రమ్మన్నాను. చూసింది రాసి పంపమన్నాను. హనుమకొండ, కాజీపేట నుంచే కాదు, నర్సంపేట, జనగామ నుంచి కూడా రాశారు. కొందరు డబ్బులూ పిల్లలూ రెండూ తీసుకుని వెళ్లి, చేతిలో కూనతో ఇంటికి వచ్చారు. వాళ్ల సంగతి కింద ఉంది.

చాలామంది రాసిన మాట ఒక్కటే. "మిగతావన్నీ ఎగురుతున్నాయి. ఒకటి మాత్రం ఒళ్లో కదలకుండా పడుకుంది. మా ఇంటికి అదే సరిపోతుందనిపించింది." అమ్మేవాళ్లు కూడా పక్కనుంచి "అన్నా, అది మస్తు సాఫ్ట్, పోరగాండ్లను ఏమనది" అన్నారట. ఈసారి ఏ జాతి కుక్క మన ఎండలకు ఆగుతుందో చెప్దామనుకున్నాను. దాన్ని నాలుగు ముక్కల్లో ముగించి, మిగతా పాఠమంతా ఈ కదలని కూనకే ఇస్తున్నాను. ఎందుకంటే పిల్లలున్న ఇళ్లలో తరువాత వచ్చే గొడవల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

కూన కదలకపోవడానికి మామూలుగా నాలుగు కారణాలుంటాయి. నిద్ర, లేత వయసు, జబ్బు, భయం. నిజంగా నెమ్మదైన స్వభావం ఐదోది. ముందు నాలుగూ కావని తేల్చుకోకుండా ఐదోది అనుకోకూడదు.

నిద్ర సంగతి సులువు. పాలు తాగి, ఆడి అలసిన కూన ఎక్కడ పెడితే అక్కడ పడిపోతుంది. ఒళ్లు వదులుగా, బరువుగా ఉంటుంది. కాళ్లు వేలాడతాయి. మరో పూట వెళ్లి చూస్తే అదే కూన వేరుగా ఉంటుంది. అందుకే ఒక్కసారి చూసి తేల్చుకోవద్దని మొదటి పాఠంలోనే చెప్పాను.

వయసు సంగతి కాస్త కోపం తెప్పించేది. "నలభై అయిదు రోజులు" అని చెప్పి నెల కూనలను చేతిలో పెడుతున్నారు. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. అంటే వాళ్లు చెప్పే నలభై అయిదు రోజులు నిజమే అయినా సరిపోదు. పెదవి మెల్లగా పక్కకు లాగి నోట్లో చూడండి. ఎనిమిది వారాలకు 28 పాలపళ్లూ వచ్చేసి ఉంటాయి, సూదుల్లా గుచ్చుకుంటాయి. ముందు పళ్లు మాత్రమే ఉండి వెనక చిగురు బోసిగా ఉంటే అది ఇంకా తల్లి దగ్గర ఉండాల్సిన కూన. ఆ వారాల్లోనే తోటి కూనలను కొరికి, అవి కుయ్యోమని ఆట ఆపేస్తే, ఎంత గట్టిగా కొరకకూడదో నేర్చుకుంటుంది. ఆ చదువు మధ్యలో ఆపించి తెస్తే, మిగిలింది మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

జబ్బుకు చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్లు నల్లగా ఉండే కూనలకు కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి. పాలిపోయి ఉంటే కడుపులో నులిపురుగులో, ఒంటి మీద గోమార్లో రక్తం తాగుతుండవచ్చు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు వెతకండి. తోక కింద తడి, ముక్కు కారడం, కంట్లో పుసి కనిపిస్తే ఆ కూననే కాదు, ఆ ఇంట్లో ఏ కూననూ తేవద్దు.

ఇక భయం. దీని మీదే ఎక్కువ మంది పొరపడ్డారు కాబట్టి నిదానంగా చెబుతాను.

భయపడ్డ కుక్క ముందు తప్పించుకోవాలని చూస్తుంది. దారి లేకపోతే గుర్రుమంటుంది, కొరుకుతుంది. రెండూ కుదరకపోతే బిగుసుకుపోయి కదలకుండా ఉంటుంది. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్న కూనకు పారిపోయే దారి లేదు, ఎదురు తిరిగే బలమూ లేదు. మిగిలింది బిగుసుకుపోవడమే. దాన్ని మనం సాఫ్ట్ అంటున్నాం. అది ఎనిమిది, పది నెలలకు ఎదుగుతుంది, పాలపళ్లు పోయి గట్టి పళ్లు వస్తాయి, బలం వస్తుంది. అప్పుడు మంచం కింద దూరిన కుక్కను మీ అయిదేళ్ల పాప కాలు పట్టుకుని లాగితే, ఆ రోజు దానికి రెండో దారి, కొరకడం, తెరిచే ఉంటుంది. "ఇన్నాళ్లు పువ్వులాంటి కుక్క, ఉన్నట్టుండి ఏమైందో" అంటారు ఇంట్లోవాళ్లు. ఉన్నట్టుండి ఏమీ కాలేదు. మొదటి రోజునుంచీ అది భయపడుతూనే ఉంది.

భయాన్ని చేతులతో పట్టుకోవచ్చు. కూన ఛాతీ కింద అరచేయి పెట్టండి. నిద్రపోతున్న కూన ఒళ్లు చేతిలోకి ఒరుగుతుంది. భయపడ్డ కూన వెన్ను బిగదీసుకుని ఉంటుంది, గుండె గబగబా కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తుంది. తోక కడుపు కిందికి దూరి ఉంటుంది, పాదాలు ముడుచుకుని ఉంటాయి, నోరు గట్టిగా మూసుకుని ఉంటుంది. తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పుతుంది, కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. ఉడికించిన చికెన్ చిన్న ముక్క ముక్కు దగ్గర పెట్టండి. నిద్రలో ఉన్నదానికి ముక్కు పుటాలు కదులుతాయి, ఆ వెంటనే కళ్లు తెరుస్తుంది. భయపడ్డది వాసన కూడా చూడదు.

ఒక కూన రాగానే చెయ్యి నాకిందని, అది ప్రేమ అని ఒకరు రాశారు. ప్రేమ కావచ్చు. చేతికి అన్నం వాసనా కావచ్చు. నాకుతూ చెవులు వెనక్కి అణిచి, ఒళ్లు కిందికి వంచి ఉంటే "నన్నేమీ చేయొద్దు" అని బతిమాలుతున్నట్టు. ఒక్క గుర్తు చూసి ఎప్పుడూ తేల్చకండి, ఒళ్లంతా చూడండి.

మరి చూడాల్సింది ఏమిటి? అదిరిపడ్డ తర్వాత ఎంతలో తేరుకుంటుందో చూడాలి. కూన నేల మీద తన మానాన తను ఉన్నప్పుడు, ఆరేడు అడుగుల దూరంలో తాళంచెవుల గుత్తి కింద పడేయండి. దాని మీదకు విసరొద్దు. మంచి కూన ఉలిక్కిపడుతుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, కాసేపటికే వచ్చి గుత్తిని వాసన చూస్తుంది. ఉలిక్కిపడటం తప్పు కాదు. మూలకు పోయి రెండు నిమిషాలైనా బయటికి రాని కూన పిల్లలున్న ఇంటికి వద్దు. అసలు చెవి కూడా కదపని కూన ధైర్యవంతురాలని మురిసిపోకండి, దానికి వినిపించకపోవచ్చు. డాల్మేషియన్లలో పుట్టు చెవుడు ఎక్కువ. మన ఇళ్లలో రోజూ స్టీలు పళ్లేలు కింద పడతాయి, పిల్లలు అరుస్తారు, వీధిలో బరాత్ బ్యాండు పోతుంది, దీపావళికి రెండు మూడు రోజులు పటాకుల మోతే. అదిరిపడినా తేరుకునే కుక్కే ఇక్కడ బతకగలదు, దానితో పిల్లలూ నిశ్చింతగా ఉండగలరు.

ఇంతా చేసి, కూన వయసులో చేసే పరీక్షల మీద పూర్తి భారం వేయొద్దు. కూన ఎదిగేసరికి ఎంతో మారుతుంది. నేనైతే కూన కంటే తల్లిని ఎక్కువ నమ్ముతాను. తల్లి ఎదురుగా ఉండాలి, యజమాని పిలిస్తే రావాలి, కొత్తవాళ్లను చూసి మొరిగినా కాసేపటికి సర్దుకోవాలి. "తల్లి ఊర్లో ఉంది" అంటే లేచి వచ్చేయండి, మాటలు పెంచుకోవద్దు. నా ఇష్టం అడిగితే, ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే కూన జోలికే పోవద్దంటాను. ఏడాదిన్నర, రెండేళ్లు దాటి, ఇప్పటికే పిల్లలున్న ఇంట్లో తిరిగి, టీకాలన్నీ వేయించిన నాటు కుక్క దొరికితే అంతకంటే మంచి బేరం లేదు. దాని స్వభావం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది, ఊహించుకోవాల్సిన పనిలేదు. మన ఎండ దానికి పుట్టుకతో తెలుసు.

జాతుల మాట అన్నాను కదా. వరంగల్‌లో మే నెల ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది, ఇక్కడ హస్కీని పెంచడం దాన్ని హింసించడమే. పగ్ ముక్కు చప్పిడి, మామూలు ఎండకే ఊపిరి అందక రొప్పుతుంది. ల్యాబ్రడార్ పిల్లలతో బాగుంటుంది, అయితే ముప్పై కిలోలు పెరుగుతుంది, రోజూ గంటకు తక్కువ కాకుండా నడిపించాలి. వేసవిలో ఆ గంట సూర్యుడు రాకముందే కావాలి. భద్రకాళి చెరువు బండ్ దగ్గర్లో ఉండి, తెల్లవారుజామున లేచేవాళ్లు ఇంట్లో ఉంటే సరే. మూడో అంతస్తు ఫ్లాటులో, అందరూ తొమ్మిదికల్లా బయటికి పోయే ఇంట్లో వద్దు. పొమేరియన్ చిన్నది కదా అని పాకే పిల్లలున్న ఇంటికి తేకండి, చిన్న ఒళ్లు గట్టిగా పట్టుకుంటే నొప్పి, నొప్పికి కొరుకుతుంది. జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ గురించి వచ్చే పాఠంలో.

ఇప్పటికే తెచ్చుకున్నవాళ్లు టెన్షన్ పడకండి, కూనను తిట్టకండి. రెండు రోజుల్లో పశువుల డాక్టరుకు చూపించండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. నులిపురుగుల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలైతే పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, తెల్లారనిద్దాం అనుకోవద్దు, కూనకు గంటలు ముఖ్యం. టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద దించకండి. అలాగని ఇంట్లో దాచి పెట్టకండి. చంకన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఆటోలు, బైకులు, కూరగాయల బండి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు అన్నీ చూపించండి. మూడున్నర నెలల లోపు చూసినవాటికి అది జీవితాంతం తక్కువ భయపడుతుంది. భయస్తురాలైన కూనకు ఈ పని ఇంకా ఎక్కువ అవసరం, కాకపోతే దూరం నుంచి, కొంచెం కొంచెంగా.

ఆటలో పన్ను గీరుకున్నా సరే, రక్తం కనిపించకపోయినా పిల్లల చర్మాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి. కారం, పసుపు, సున్నం పెట్టొద్దు. అదే రోజు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి, వరంగల్‌లో అయితే ఎంజీఎం ఉంది. "మన కూనే కదా" అని ఆగకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం నిలిపే మందు లేదు, ముందుగా వేయించుకుంటే టీకా కాపాడుతుంది.

ఈసారి చేయాల్సిన పని కొంచెం కష్టం. కూనల దగ్గరికి పోవద్దు. బాబాయి ఇంట్లోనో, పక్కింట్లోనో పిల్లలతో కలిసి ఉన్న పెద్ద కుక్కను వెతకండి. మూడు సాయంత్రాలు, సాయంత్రానికి ఒక గంట చొప్పున, ఫోను పక్కన పెట్టి కూర్చోండి. పిల్లలు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ, కుక్క లేచి వెళ్లిపోవడానికి ముందు అయిదు సెకన్లలో ఏం చేసిందో రాయండి. ఆకలి లేకుండా పెదవులు నాకిందా, నిద్ర రాకుండా ఆవలించిందా, మొహం పక్కకు తిప్పిందా, తోక ఊపుతూనే ఒళ్లు బిగదీసిందా. దాని దగ్గరికి వచ్చిన పిల్లలు ఏం చేశారో పక్క వరుసలో రాయండి. "మంచిగుంది", "సాఫ్ట్‌గుంది" లాంటి మాటలు రాస్తే వాపసు పంపుతాను. కనిపించింది మాత్రమే రాయండి. కుక్క అన్నం తింటున్నప్పుడు, ఎముక నములుతున్నప్పుడు పరీక్ష కోసమని పిల్లలను దాని దగ్గరికి పంపకండి.